సంతలో తూకం ఎవరి చేతిలో ఉంది? కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి,
ప్రతి: కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ మంత్రి గారికి

నమస్కారం.

శబరి గోదావరిలో కలిసే చోటుకు దగ్గర్లో, కూనవరం మండలంలో పుట్టినదాన్ని. ఏజెన్సీ బడుల్లో ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేవి. పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాష్ట్రం మారింది గానీ మా సంతలకు వచ్చే మనుషులు మారలేదు. కొండ మీంచి కొండరెడ్లు దిగుతారు, ఊళ్లలోంచి కోయలు వస్తారు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అవతలి నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు తెల్లారకముందే బయల్దేరి నడిచి వస్తారు.

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడని టీవీలు రోజంతా చెప్పాయి. ఆ వారం నేను సంతకు వెళ్లాను. ఆయన గురించి పైకి మాట్లాడినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఒక ముసలామె మాత్రం కొట్టు ముందు నిలబడి నూనె ప్యాకెట్టును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ధర మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే ధర చెప్పాడు కొట్టతను. ప్యాకెట్టు పక్కన పెట్టేసి ఉప్పు మాత్రం కొనుక్కుని వెళ్లిపోయింది.

మీ శాఖకు సంబంధించిన సంగతి తుపాకీ, నూనె ధర ఇంకో శాఖది. ఢిల్లీలో ఆ రెండు భవనాలు వేరు. మా దగ్గర ఆ రెండూ ఒకే సంతలో ఉన్నాయి. ఈ లేఖలో చెప్పాలనుకున్నది అదే.

మా నాన్న సంతల వర్తకుడు. వారంలో ఐదు రోజులు ఐదు సంతలు. ఎడ్లబండి మీద ఉప్పు, ఎండుచేపలు, ఉల్లిగడ్డలు, పొగాకు వేసుకుని వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు బండి నిండా చింతపండు, కరక్కాయలు, కుంకుడుకాయలు, ఇప్పగింజలు ఉండేవి. తవ్వెడు ఉప్పుకు గంపెడు చింతపండు. చిన్నతనంలో అందులో తప్పేమిటో నాకు తట్టలేదు. మా చదువులు, మా అక్కల పెళ్లిళ్లు అన్నీ ఆ గంపల్లోంచే వచ్చాయి. టీచరునయ్యాక ఒక రోజు మూడో తరగతికి తూకాలు, కొలతలు చెబుతుంటే ఒక కోయపిల్ల లేచి అడిగింది: "మా ఇంటికాడ రెండు కిలోలున్న చింతపండు సంతకొస్తే కిలోన్నర ఎట్లయితది పంతులమ్మా?" జవాబు నాకు తెలుసు. అది మా ఇంట్లోనే, మా నాన్న తక్కెడలోనే ఉంది. ఆ పిల్లకు ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఏజెన్సీలో తిరుగుబాట్ల చరిత్ర తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఈ తక్కెడ కనిపిస్తుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు చంపారు. శ్రీకాకుళ పోరాటం అక్కణ్ణుంచి రాజుకుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే. కానీ దానికి ముందు ఎన్నో ఏళ్లుగా షావుకారు అప్పు ఉంది. ఉప్పు, బట్ట, కిరోసిన్ అరువుకు తీసుకుని పంట ఇవ్వడం, పంట చాలక భూమి ఇవ్వడం ఉంది. ఆనాటి ప్రభుత్వం పోలీసులను పంపింది, ఎందరో చనిపోయారు. అయితే అదే ప్రభుత్వం ఇంకో పని కూడా చేసింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో చట్టాన్ని బిగించింది. మేం ఇవాళ్టికీ 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునేది దాన్నే. షావుకారు చేతిలోంచి తక్కెడ తీసుకోవడానికి గిరిజన సహకార సంస్థ 1956లోనే పుట్టింది. ఐదో పంచవర్ష ప్రణాళికలో ఐటీడీఏలు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలు, వచ్చాయి. లోపాలు ఎన్నున్నా, ఆ పనులు చేసిన అధికారులకు రోగం ఎక్కడుందో తెలుసు.

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి పట్టాల కోసం గోండులు సభ పెట్టుకున్నారు. అది సోమవారం, సంత రోజు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత ఆ అడవిలో ఎవరి మాటకు విలువ పెరిగిందో, ఎవరి మాటకు తగ్గిందో మీ శాఖ దస్త్రాల్లోనే ఉంటుంది.

రాడికల్స్, అంటే నక్సలైట్లు, మా వైపు అడుగుపెట్టినప్పుడు చైనా గురించీ రష్యా గురించీ చెబితే ఎవరికీ అర్థం కాలేదు. తునికాకు కట్టకు కాంట్రాక్టరు ఇచ్చేది పైసల్లో ఉంటే, పెంచేదాకా ఆకు కోయొద్దన్నారు. రేటు పెరిగింది. కల్లం దగ్గర యాభై ఆకుల కట్టకు ఇంత అని లెక్కగట్టి డబ్బులు చేతిలో పెట్టించారు. ఆ పని కలెక్టరు చేసి ఉండాల్సింది, అటవీ శాఖ చేసి ఉండాల్సింది. వాళ్లు చేయలేదు. వాళ్లు వదిలేసిన చోట తుపాకీ వచ్చి నిలబడింది.

నేను ఆ తుపాకీని సమర్థించడం లేదు. నా దగ్గర చదువుకున్న పిల్లవాడి తండ్రిని ఇన్‌ఫార్మరని ముద్రవేసి రాత్రికి రాత్రి ఇంట్లోంచి తీసుకుపోయారు. పొద్దున బాట మీద శవం దొరికింది. ఆ పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని తాడిమెట్లలో వాళ్ల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. పేదిళ్ల పిల్లలే కదా వాళ్లూ. 2018 సెప్టెంబరులో లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను పట్టపగలు కాల్చి చంపారు. గిరిజనులు ఓట్లేసి గెలిపించిన గిరిజనుల్ని గిరిజనుల పేరుతో చంపడాన్ని ఏ న్యాయం ఒప్పుకుంటుంది? జనం సొమ్ముతో కట్టిన బడిని పేల్చేసినవాళ్లను టీచరుగా నేనెప్పటికీ క్షమించలేను.

అందుకే మిమ్మల్ని అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను. వాళ్లకు చట్టం లేదు. మీకుంది. మీరు దాన్ని పక్కన పెట్టిన రోజు మా పిల్లలకు పౌరశాస్త్రం పాఠం ఏ మొహంతో చెప్పాలి?

ఎన్‌కౌంటర్ మరణం జరిగిన ప్రతిసారీ ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ జరగాలని 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. హిడ్మా అయినా, పేరు తెలియని పద్దెనిమిదేళ్ల కోయపిల్ల అయినా అవి వర్తిస్తాయి. దొంగ ఎన్‌కౌంటరని ఒకరు, నిజమని ఒకరు అరుచుకునే బదులు విచారణ నివేదికను జనం ముందు పెట్టండి. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది కోందు మహిళలు పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేశారు. పదహారేళ్ల తర్వాత, 2023లో, కోర్టు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. దర్యాప్తే సరిగ్గా చేయని రాజ్యం న్యాయం చేస్తుందని వాళ్లనెలా నమ్మమంటారు?

సల్వాజుడుం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మావోయిస్టుల మీదికి గిరిజనులనే నిలబెట్టిన ఆ దండు ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలైంది, 2011 జులైలో సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ ఆరేళ్లలో ఏం జరిగిందో మేం కోర్టు తీర్పులో చదివి తెలుసుకోలేదు. శబరి దాటి మా అడవిలోకి వచ్చినవాళ్ల మొహాల్లో చూశాం. ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. కుండ, గొడ్డలి, చంకలో పిల్ల. అంతే. అక్కడ సంతలు మూతబడ్డాయి, రేషన్ దుకాణాలు రోడ్డు పక్కన శిబిరాలకు తరలిపోయాయి, అడవిలో మిగిలినవాళ్లకు బియ్యం దొరకలేదు.

ఇక్కడ ఒక సంగతి నన్ను చాలాకాలం వేధించింది. అదే కాలంలో, అదే ఛత్తీస్‌గఢ్, ప్రజాపంపిణీలో దేశానికి పాఠం చెప్పింది. 2004లో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించింది. కేంద్రం కంటే ముందే, 2012 డిసెంబరులో, సొంతంగా ఆహార భద్రత చట్టం చేసుకుంది. గిరిజన ప్రాంతాల్లో బియ్యంతో పాటు చవగ్గా శనగలు, ఉచితంగా ఉప్పు ఇచ్చింది. ఒకే రాష్ట్రం ఒక చేత్తో అంత మంచి పని చేస్తూ, రెండో చేత్తో దక్షిణ బస్తర్‌లో దుకాణాన్ని శిబిరం గేటు దగ్గరకు లాక్కెళ్లింది. తిండి విషయంలో ఆ రాష్ట్రానికి తెలివి లేదని ఎవరూ అనలేరు. తిండిని ఎప్పుడు ఆయుధంగా వాడకూడదో మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు 'నియద్ నెల్లనార్' పేరుతో పథకం నడుస్తోంది. 'మీ మంచి ఊరు' అని అర్థం. కొత్త క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు రోడ్డు, కరెంటు, రేషన్, అంగన్‌వాడీ ఇస్తున్నారు. ఇస్తున్నందుకు సంతోషం. దశాబ్దాలుగా మూతబడ్డ బడులు కొన్ని తెరుచుకున్నాయి, ఒక టీచరుకు అంతకంటే మంచి వార్త ఉండదు. కానీ మొదట పెట్టిన కొలత చూడండి: క్యాంపు నుంచి ఐదు కిలోమీటర్లు. ఒక పౌరురాలి తిండిని, ఆమె బిడ్డ పాలను పోలీసు క్యాంపు నుంచి టేపు పెట్టి కొలవడమేమిటి మంత్రిగారూ? ఆరో కిలోమీటరులో ఉన్న తల్లికి ఆకలి తక్కువా? జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. ఆ చట్టంలో క్యాంపు అనే మాటే లేదు.

ధరల గురించి.

నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి అవి ఉచితం. ఎన్టీఆర్ 1983లో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాటి నుంచి మా వైపు ఆకలి చావుల భయం తగ్గిందంటే అది బియ్యం వల్లే. నేను కళ్లారా చూశాను. బియ్యం మీద ఎవరు ఎంత వెటకారం చేసినా ఆ మాట వెనక్కి తీసుకోను. అయితే బియ్యం దొరికాక ఆ బియ్యంలోకి ఏం వేసుకుంటారు? 2023 వేసవి తర్వాత టమాటా కిలో రెండు వందలు దాటింది. కందిపప్పు రేటు ఎక్కడం మొదలెడితే నెలల తరబడి దిగదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊళ్లు నీళ్లలో మునిగి, ఉల్లిగడ్డ ఏ ధరకు అమ్మారో గుర్తుంది నాకు. దేశం మొత్తం మీద పల్లెటూరి ఇల్లు తన ఖర్చులో 46 శాతం తిండికే పెడుతోందని 2022-23 సర్వే చెప్పింది. అది సగటు. కొండ మీది గుడిసెలో తిండి, మందులు తప్ప ఇంకో ఖర్చే కనిపించదు.

నూనె సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద సున్నాగా ఉన్న ప్రాథమిక దిగుమతి సుంకాన్ని ఒకేసారి 20 శాతం చేశారు. ధరలు పెరిగాయి. 2025 మే చివర్లో 10 శాతానికి దించారు. సుంకం ఉండాలా వద్దా అన్న విషయంలో నాది ఒకవైపు మాట కాదు. మా పక్కనే అశ్వారావుపేటలో పామాయిల్ తోటలు వేసిన రైతులున్నారు, బయటి నూనె చవగ్గా వచ్చి పడితే వాళ్లు మునుగుతారు. రైతును కాపాడండి. కానీ ఆ కాపాడే ఖర్చు, నూనె ప్యాకెట్టు పక్కన పెట్టేసి వెళ్లిపోయిన ఆ ముసలామె కట్టాలా? సుంకం వల్ల వచ్చిన సొమ్ములో కొంత ఆమె ఇంటికి లీటరు నూనెగా తిరిగి రావాలి. ఇది అసాధ్యమేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్‌లో పామాయిల్ ఇచ్చేవాళ్లు. 2013 ఉగాదికి 'అమ్మహస్తం' అని 185 రూపాయలకు తొమ్మిది సరుకులు సంచిలో పెట్టి ఇచ్చారు: కందిపప్పు, పామాయిల్, ఉప్పు, కారం, పసుపు, పంచదార, గోధుమపిండి, గోధుమలు, చింతపండు. నాణ్యత గురించి అందరూ తిట్టుకున్నారు, నేనూ తిట్టుకున్నాను. తర్వాత అది ఆగిపోయింది. ఆ సంచిని బాగుచేసి ఉండాల్సింది, ఎత్తేశారు.

కొనే ధర ఒక పక్క. అమ్మే ధర ఇంకో పక్క. ధరల మీద టీవీల్లో జరిగే చర్చల్లో రెండో పక్క ఎప్పుడూ వినిపించదు. ఛత్తీస్‌గఢ్‌లో 2024లో తునికాకు స్టాండర్డ్ బస్తా రేటు 4,000 నుంచి 5,500 రూపాయలు చేశారు. బస్తా అంటే వెయ్యి కట్టలు. అంటే కట్టకు ఐదున్నర. ఏప్రిల్, మే ఎండలు ముదరకముందే అడవిలోకి వెళ్లి, ఆకు కోసి, నీడన కూర్చుని యాభై యాభై పేర్చి కట్టి, మోసుకొచ్చి కల్లంలో ఆరబెడితే ఐదున్నర. ఒక్క లీటరు నూనెకు పాతిక కట్టలు, పన్నెండు వందలకు పైగా ఆకులు. ఇప్పపువ్వు మద్దతు ధరను కేంద్రం 2020లో కిలోకు 17 నుంచి 30 రూపాయలు చేసింది. బాగుంది. కానీ సంతలో కొనే మనిషి రాకపోతే ఆ 30 కాగితం మీదే ఉండిపోతుంది. ఆమె దగ్గర నిలవ చేసుకునే చోటు లేదు, సాయంత్రానికి ఇంటికి ఉప్పు పట్టుకెళ్లాలి. ఎంతిస్తే అంతకు ఇచ్చేస్తుంది. మా నాన్న బతికింది ఆ సాయంత్రాల మీదే.

మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా-లేఖా అనే ఊరుంది. అదీ మావోయిస్టుల జిల్లాగా పేరుపడ్డదే. అటవీ హక్కుల చట్టం కింద 2009లో ఆ ఊరికి తన అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వెళ్లి వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. ఆ ఊరు తన వెదురు తానే అమ్ముకుంది. తర్వాత ఆ జిల్లాలో మరెన్నో గ్రామసభలు తునికాకును సొంతంగా వేలం వేసుకోవడం నేర్చుకున్నాయి. ధర అడగడానికి వాళ్లకు ఏ దళమూ అక్కర్లేకపోయింది. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది, అటవీ హక్కుల చట్టం 2006లో. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని మొదటిది, అడవిలో బతికేవాళ్లకు ఉందని రెండోది చెబుతున్నాయి. కొత్త చట్టం ఏదీ అడగడం లేదు మేము.

తుపాకీ పట్టని గొంతు గురించి కూడా ఒక మాట. క్యాంపుల మీద, రోడ్ల మీద అభ్యంతరాలు చెబుతూ బస్తర్‌లో మూల్‌వాసీ బచావో మంచ్ కుర్రాళ్లు నెలల తరబడి రోడ్డు పక్కన కూర్చున్నారు. 2024 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. వాళ్ల డిమాండ్లు తప్పే అనుకుందాం. మైకు పట్టుకుని కూర్చున్నవాళ్లను లేపేస్తే తర్వాతి కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వం, నక్సలైట్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. మాజీ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ లాంటివారు ఏళ్ల తరబడి తిరిగి ఆ బల్ల వేయించారు. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. అయినా మాట్లాడుకోవాలనే అన్నారు. ఆ చర్చలు మూడు నెలలకే విఫలమయ్యాయి, రెండు వైపులా తప్పులున్నాయి. కానీ ఆ కొద్ది నెలలూ మా ఊళ్లలో రాత్రి తలుపు తడితే గుండె ఆగిపోయేది కాదు.

నక్సలిజాన్ని అంతం చేయడానికి 2026 మార్చి 31 అని మీరు తేదీ పెట్టారు. దళాలు ఉండకపోవచ్చు. గొత్తికోయలు మాత్రం ఉంటారు. వాళ్లు వచ్చి ఇరవై ఏళ్లయింది, ఇక్కడే పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లవుతున్నాయి. చాలామందికి ఎస్టీ ధ్రువపత్రం లేదు, పోడుకు పట్టా లేదు, కొందరికి రేషన్ కార్డూ లేదు. ఇప్పటికీ ఆహార భద్రత కోటా లెక్క 2011 జనాభా మీదే నడుస్తోంది. అప్పుడు పుట్టని పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉంది. ఛత్తీస్‌గఢ్ మా వాళ్లు కాదంటుంది, ఇక్కడి రాష్ట్రాలు మా వాళ్లు కాదంటాయి. ఈ రాష్ట్రాలన్నిటినీ ఒక గదిలో కూర్చోబెట్టగలిగింది మీ శాఖే. వాళ్లు ఎక్కడ పుట్టారని అడగకుండా, ఎక్కడ పొయ్యి వెలిగిస్తున్నారో అక్కడ కార్డు ఇప్పించండి.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాల్లో బియ్యంతో పాటు నెలకు పప్పు, నూనె, ఉప్పు ఇవ్వండి. వేలిముద్ర పడలేదని, సిగ్నల్ లేదని కొండ మీంచి వచ్చిన మనిషిని వెనక్కి పంపొద్దని రాతపూర్వకంగా చెప్పండి. దుకాణం క్యాంపు గేటు దగ్గర కాకుండా ఊళ్లో ఉండనివ్వండి.

ఇంకొకటి. మా వైపు చింతపండు ఫిబ్రవరిలో సంతకు దిగడం మొదలవుతుంది. పండు చెట్టు మీదుండగానే, జనవరిలో, ఆ ఏడాది కొనే ధర ఎంతో ప్రకటించండి. తెలుగులో, హిందీలో కాగితం అంటించి ఊరుకోకుండా, కోయభాషలో ఊరూరా చాటింపు వేయించండి. ప్రతి సంతలోనూ ప్రభుత్వం తరఫున ఒక ఎలక్ట్రానిక్ కాటా పెట్టండి. ఎవరైనా వచ్చి ఉచితంగా తూచుకుని, తన గంపలో ఎంత ఉందో తెలుసుకుని, ఆ తర్వాత బేరానికి వెళ్లేలా. ఆ కాటా దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. జీతం అక్కర్లేదు.

ఇట్లు,
శబరి ఒడ్డున పుట్టిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు